డీసీఎస్ వరల్డ్‌లో జాయ్‌స్టిక్ సెన్సిటివిటీని సరిచేసుకోవడం ఎలా

యుద్ధ విమాన సిమ్యులేటర్లలో కొత్తగా అడుగుపెట్టినవారిని తొలి రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా సతాయించేది తమ సొంత విమానం ముక్కే. కాస్త పైకెత్తుదామని స్టిక్‌ను లాగితే అది అవసరానికి మించి లేస్తుంది, దించుదామంటే మరీ కిందికి పోతుంది, గన్‌సైట్ లక్ష్యానికి అటూ ఇటూ ఊగుతుందే తప్ప దాని మీద నిలవదు. ఈ స్థితిలో చాలామంది సెట్టింగులు తెరిచి, స్టిక్ స్పందనను మధ్యలో మెత్తబరిచే కర్వేచర్ అనే అంకెను 30కో 40కో పెంచి ఊరుకుంటారు. దానివల్ల కొంత ఉపశమనం కలిగే మాట నిజమే గాని, అసలు కారణం జాయ్‌స్టిక్ వణుకులోనో, ఒకే కంట్రోల్‌కు రెండు పరికరాలు తగిలించి ఉండడంలోనో, విమానాన్ని ట్రిమ్ చేయకపోవడంలోనో (అంటే చెయ్యి వదిలినా నేరుగా పోయేలా సరిచేయకపోవడంలోనో) ఉన్నప్పుడు కర్వేచర్ ఆ లోపాన్ని కప్పిపెడుతుందే గాని పోగొట్టదు. అందువల్ల ఈ వ్యాసంలో కర్వేచర్‌ను వెనక్కి నెట్టి, దానికి ముందు సరిచూసుకోవలసినవాటిని వరుసగా వివరిస్తాను. ఉదాహరణగా తీసుకున్నది ఈగిల్ డైనమిక్స్ సంస్థ రూపొందించిన డీసీఎస్ వరల్డ్. దీనిని ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. సు-25టీ అనే దాడి విమానం, ఆయుధాలు లేని టీఎఫ్-51డీ మస్టాంగ్ దానితోపాటే వస్తాయి. కింద చెప్పిన పరీక్షలలో ఎక్కువ భాగానికి ఈ రెండూ సరిపోతాయి.

బల్ల మీది స్టిక్, కాక్‌పిట్‌లోని స్టిక్

సెన్సిటివిటీని మార్చవలసిన అవసరం అసలెందుకు వస్తుందో ముందుగా తెలుసుకుంటే, ఎంత మార్చాలో తరువాత సులభంగా తెలుస్తుంది. బల్ల మీద పెట్టుకునే జాయ్‌స్టిక్‌లో కీలు నుంచి పిడి మధ్యభాగం వరకు 20 సెంటీమీటర్లు ఉందని, అది ఒక్కో వైపుకు 20 డిగ్రీలు వంగుతుందని అనుకుందాం. అప్పుడు మీ చెయ్యి మధ్య నుంచి చివరి వరకు కదిలే దూరం దాదాపు 7 సెంటీమీటర్లు. అదే కోణంలో వంగే 60 సెంటీమీటర్ల స్టిక్ నేల మీద బిగించి ఉంటే చెయ్యి 20 సెంటీమీటర్లకు పైగా కదులుతుంది. రెండు సందర్భాల్లోనూ ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక దగ్గరి పలక) తిరిగే కోణం ఒకటే కాబట్టి, బల్ల మీది స్టిక్‌లో మీ చెయ్యి ఒక మిల్లీమీటర్ తడబడితే అది కాక్‌పిట్‌లో మూడు మిల్లీమీటర్ల తడబాటుతో సమానం. స్పిట్‌ఫైర్ వంటి, ఎలివేటర్ సహజంగానే తేలికగా ఉండే విమానాల్లో ఈ తేడా వెంటనే కనిపిస్తుంది.

రెండవ తేడా బలానికి సంబంధించినది, మొదటిదానికన్నా ముఖ్యమైనది కూడా. వేగం రెట్టింపైతే రెక్కల మీద, కంట్రోల్ సర్ఫేసుల (విమానాన్ని తిప్పే కదిలే పలకల) మీద గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. కేబుళ్లు, కడ్డీలతో నేరుగా కంట్రోల్ సర్ఫేసులను కదిపే పాత విమానాల్లో ఆ ఒత్తిడి తిరిగి పైలట్ చేతికే తగులుతుంది. వేగం పెరిగేకొద్దీ స్టిక్ బరువెక్కి, ఎక్కువ కదపకుండా అదే ఆపుతుంది. మీ జాయ్‌స్టిక్‌లోని స్ప్రింగ్‌కు మాత్రం గంటకు 250 కిలోమీటర్ల వేగమైనా, 600 కిలోమీటర్ల వేగమైనా ఒకటే. చెయ్యి ఆగవలసిన చోట ఆపే శక్తి లేకపోవడం వల్లనే వేగంగా పోతున్నప్పుడు విమానం అతిగా స్పందిస్తున్నట్టు అనిపిస్తుంది.

జెట్ యుగంలో హైడ్రాలిక్ బూస్టర్లు వచ్చి గాలి ఒత్తిడి పైలట్ చేతికి తెలియకుండా పోయినప్పుడు ఇంజనీర్లకూ ఇదే సమస్య ఎదురైంది. మన వైమానిక దళం 1963 నుంచి నడిపి 2025 సెప్టెంబరులో సాగనంపిన మిగ్-21 కుటుంబంలో దీనికి ఒక యాంత్రిక పరిష్కారం ఉంది. మిగ్-21బిస్‌లోని ఏఆర్‌యూ అనే పరికరం వేగాన్నీ ఎత్తునూ బట్టి స్టిక్‌కు, తోక దగ్గరి స్టెబిలేటర్‌కు మధ్య ఉన్న నిష్పత్తిని తనంతట తానే మారుస్తుంది. తక్కువ ఎత్తులో ఎక్కువ వేగంతో పోతున్నప్పుడు స్టిక్ ఎంత కదిపినా స్టెబిలేటర్ తక్కువే కదులుతుంది, దిగేటప్పుడు పూర్తిగా కదులుతుంది. డీసీఎస్‌లోని మిగ్-21బిస్‌లోనూ ఈ పరికరం పనిచేస్తుంది. కాబట్టి సెన్సిటివిటీని మార్చుకోవడం ఆటను సులభం చేసుకునే చిట్కా అని సంకోచించనవసరం లేదు. పైలట్‌కు విమానం ఇవ్వవలసినదేదో మీ పరికరం ఇవ్వలేకపోతున్నప్పుడు ఆ లోటును అంకెలతో పూడ్చుకోవడం మాత్రమే ఇది.

ఆట తెరవడానికి ముందు

మొదట విండోస్ సెర్చ్‌లో గేమ్ కంట్రోలర్స్ అని వెతికి, యూఎస్‌బీ గేమ్ కంట్రోలర్ల సెటప్ తెరిచి, మీ జాయ్‌స్టిక్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. అక్కడ కనిపించే గుర్తును చూస్తూ స్టిక్‌ను వదిలేయండి. గుర్తు మధ్యలో కదలకుండా నిలిస్తే మంచిదే. చెయ్యి తగలకపోయినా అది వణుకుతూ ఉంటే లోపలి సెన్సర్ అరిగిందనో, దుమ్ము పట్టిందనో, యూఎస్‌బీ హబ్ నుంచి విద్యుత్తు సరిగ్గా అందడం లేదనో అర్థం. హబ్‌ను తీసేసి నేరుగా కంప్యూటర్ వెనక పోర్టుకు పెట్టి మళ్లీ చూడండి. రాపిడితో పనిచేసే పొటెన్షియోమీటర్ అనే సెన్సర్లతో చేసిన చవక జాయ్‌స్టిక్‌లలో ఈ వణుకు కాలక్రమేణా పెరుగుతుంది; అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్లలో రాపిడి లేదు కాబట్టి ఆ బెడద చాలా తక్కువ.

తరువాత స్టిక్‌ను నాలుగు మూలలకూ పూర్తిగా వంచి, గుర్తు చివరిదాకా వెళుతోందా అని చూడండి. వెళ్లకపోతే అక్కడే కాలిబ్రేషన్ చేయండి, అంటే స్టిక్ మధ్య, చివరలు ఎక్కడో విండోస్‌కు చూపండి. తమ సొంత కాలిబ్రేషన్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే పరికరాలకు మాత్రం విండోస్ కాలిబ్రేషన్‌ను ముట్టుకోకుండా ఆ సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. అటువంటి సాఫ్ట్‌వేర్‌లో కర్వ్ (చేతి కదలికకు ఎంత స్పందన రావాలో చెప్పే వంపు రేఖ) పెట్టే వీలు కూడా ఉంటుంది. అక్కడొక కర్వ్, ఆటలో ఇంకొక కర్వ్ పెడితే రెండూ ఒకదానిపై ఒకటి పడి, చివరికి స్టిక్ ఎలా స్పందిస్తుందో మీకే అంతుపట్టని స్థితి వస్తుంది. పరికరం దగ్గర అంతా సరళరేఖగా వదిలేసి, మార్పులన్నీ ఆటలోనే చేయాలని నా అభిప్రాయం. ఎందుకంటే ఆటలో ఒక్కో విమానానికి వేరువేరుగా అమర్చుకోవచ్చు, పరికరంలో పెట్టినది అన్ని విమానాలకూ ఒకేలా వర్తిస్తుంది.

ఒక కంట్రోల్‌కు ఒకే యాక్సిస్

డీసీఎస్ తెరిచి, ఆప్షన్స్‌లో కంట్రోల్స్ అనే ట్యాబ్‌కు వెళ్లండి. ఎడమవైపు పైభాగంలోని జాబితాలో మీరు నడపబోయే విమానాన్ని, పక్కనున్న జాబితాలో యాక్సిస్ కమాండ్స్‌ను ఎంచుకోండి. యాక్సిస్ అంటే పరికరంలో ఒక దిశలో సాగే కదలిక. అడ్డవరుసల్లో పిచ్ (ముక్కును పైకీ కిందికీ కదపడం), రోల్ (రెక్కలను పక్కకు వంచడం), రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పడం), థ్రాటిల్ (ఇంజన్ శక్తి) వంటి కంట్రోళ్లు, నిలువు వరుసల్లో మీ కంప్యూటర్‌కు తగిలించిన పరికరాలు కనిపిస్తాయి.

ఇక్కడే చాలామందిని తిప్పలు పెట్టే విషయం ఒకటుంది. కొత్త పరికరం ఏది కనిపించినా డీసీఎస్ దానికి తనంతట తానే కొన్ని యాక్సిస్‌లను కేటాయిస్తుంది. ఫలితంగా పిచ్ అనే వరుసలో జాయ్‌స్టిక్ కింద ఒక యాక్సిస్, థ్రాటిల్ పరికరం కింద మరొకటి, పెడల్స్ కింద ఇంకొకటి ఉండవచ్చు. పెడల్ మీద కాలు పెట్టగానే విమానం ఒక పక్కకు ఒరగడం, థ్రాటిల్ తోస్తే ముక్కు దిగడం వంటి వింతలకు కారణం సాధారణంగా ఇదే. పిచ్, రోల్, రడ్డర్, థ్రాటిల్ వరుసలను ఒక్కొక్కటిగా చూసి, అక్కరలేని గడిని ఎంచుకుని క్లియర్ నొక్కండి. ప్రతి వరుసలోనూ ఒకే ఒక గడిలో యాక్సిస్ పేరు మిగలాలి. ఈ పని ప్రతి విమానానికీ విడివిడిగా చేయవలసి రావడం విసుగే, కాని దీనిని దాటవేసి కర్వ్‌లతో కుస్తీ పట్టడం అంతకన్నా పెద్ద విసుగు.

డెడ్‌జోన్, శాచురేషన్

ఇప్పుడు పిచ్ వరుసలో మీ జాయ్‌స్టిక్ గడిని ఎంచుకుని, కింద ఉన్న యాక్సిస్ ట్యూన్ బటన్ నొక్కండి. ఒక గ్రాఫ్ తెరుచుకుంటుంది. దానిలో అడ్డంగా ఉన్నది మీ చేతి కదలిక, నిలువుగా ఉన్నది ఆటకు అందే కదలిక. స్టిక్‌ను కదిపితే ఈ రెండూ ఎంత ఉన్నాయో అక్కడే కనిపిస్తుంది.

డెడ్‌జోన్ అంటే మధ్యలో ఎంత మేరకు కదలికను ఆట పట్టించుకోకూడదో చెప్పే అంకె. దీనిని ఊహించి పెట్టకూడదు, కొలిచి పెట్టాలి. మొదట సున్నాకు తెచ్చి, స్టిక్‌ను ముందుకు తోసి నెమ్మదిగా వదలండి. ఎక్కడ నిలిచిందో చూడండి. తరువాత వెనక్కి లాగి అలాగే వదిలి చూడండి. రెండుసార్లూ ఒకే చోట నిలిస్తే డెడ్‌జోన్ అవసరమే లేదు. ఒకసారి మధ్యకు ఇటు, మరోసారి అటు నిలిస్తే ఆ రెండు చోట్లనూ కప్పేంత మాత్రమే పెట్టండి. మంచి స్థితిలో ఉన్న జాయ్‌స్టిక్‌కు 0 నుంచి 2 సరిపోతుంది, పాతబడినదానికి 4 లేదా 5 కావచ్చు. అంతకు మించి అవసరమైతే మరమ్మతు గురించి ఆలోచించడం మేలు. డెడ్‌జోన్ ఎక్కువైతే గన్‌సైట్‌ను వెంట్రుకవాసి జరపవలసిన చోట స్టిక్ కదిపినా ఏమీ జరగదు, ఇంకొంచెం కదిపేసరికి ముక్కు హఠాత్తుగా లేస్తుంది. గురి నిలవకపోవడానికి అదొక కొత్త కారణమవుతుంది.

పిడిని మెలితిప్పి రడ్డర్ నడిపే జాయ్‌స్టిక్‌ల విషయం వేరు. స్టిక్‌ను పక్కకు వంచేటప్పుడు మణికట్టు తెలియకుండానే కొంత తిరుగుతుంది కాబట్టి, రోల్ చేసిన ప్రతిసారీ కొంత రడ్డర్ పడుతుంది. ఆ యాక్సిస్‌కు మాత్రం 5 నుంచి 10 వరకు డెడ్‌జోన్ ఇవ్వడానికి వెనకాడనక్కరలేదు.

శాచురేషన్ ఎక్స్, శాచురేషన్ వై అనే రెండింటినీ చాలామంది తారుమారు చేసుకుంటారు. ఎక్స్‌ను 100 నుంచి 90కి తగ్గిస్తే మీ చెయ్యి 90 శాతం దూరం వెళ్లేసరికే కంట్రోల్ పూర్తిగా కదిలిపోతుంది, అంటే స్టిక్ మరింత చురుకవుతుంది. వై‌ని 90కి తగ్గిస్తే స్టిక్ చివరిదాకా వంచినా కంట్రోల్ 90 శాతమే కదులుతుంది, అంటే స్టిక్ మందగిస్తుంది. అరిగిన జాయ్‌స్టిక్ చివరిదాకా వెళ్లలేక 97 దగ్గర ఆగిపోతుంటే ఎక్స్‌ను 96కి తగ్గించడం సరైన వాడకం. యుద్ధ విమానాల్లో పిచ్, రోల్‌లకు వై తగ్గించడాన్ని మాత్రం నేను సమర్థించను. గురి కుదరడం కోసం చేసిన ఆ మార్పు, క్షిపణిని తప్పించుకోవడానికి పూర్తి శక్తితో మలుపు తిరగవలసిన క్షణంలో ఆ శక్తినే లాగేసుకుంటుంది.

కర్వేచర్ ఏం చేస్తుంది

ఇక్కడికి వచ్చేసరికి యంత్రం వైపు లోపాలు తొలగిపోయి ఉంటాయి. ఇంకా స్టిక్ అతిగా స్పందిస్తున్నట్టనిపిస్తే అప్పుడు కర్వేచర్ అక్కరకు వస్తుంది. దీనిని సున్నా దగ్గర ఉంచితే గ్రాఫ్ సరళరేఖ. పెంచేకొద్దీ రేఖ మధ్యలో వాలిపోయి చివర్లలో నిటారుగా లేస్తుంది. ఎంత పెంచినా మొదలు సున్నా, చివర 100 శాతమే కాబట్టి మొత్తం కదలిక మారదు. ఉన్నదే మరోలా పంచుకుంటుంది. పొట్టి దుప్పటిని తల మీదికి లాక్కుంటే కాళ్లు బయటపడినట్టు, మధ్యలో ఎంత సున్నితత్వం తగ్గిస్తే అంతకు అంత చివర్లలో పెరుగుతుంది.

దీనిని లెక్కగా చూస్తే ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. డీసీఎస్ లోపల వాడే సూత్రం ఇదేనని చెప్పడం లేదు గాని, ఇటువంటి కర్వ్‌ల స్వభావాన్ని చూపడానికి ఒక సామాన్యమైన సూత్రం తీసుకుందాం: చేతి పూర్తి కదలికను 1గా తీసుకుని, కదలికలో 70 శాతాన్ని, దాని ఘనంలో 30 శాతాన్ని కలిపితే వచ్చేది ఆటకు అందుతుంది. అప్పుడు చెయ్యి 10 శాతం కదిలితే ఆటకు 7 శాతం అందుతుంది. 25కు 18, 50కి దాదాపు 39, 75కు 65, 90కి 85 అందుతాయి. మొదటి 10 శాతం ప్రయాణంలో 7 శాతమే ఇచ్చిన స్టిక్, చివరి 10 శాతంలో 15 శాతం ఇస్తుంది. అంటే చివరన దాని చురుకుదనం మధ్యలో ఉన్నదానికి రెండు రెట్లు దాటింది. ఇదే సూత్రంలో పాళ్లను 40, 60గా మారిస్తే మొదటి 10 శాతంలో 4, చివరి 10 శాతంలో 20 వస్తాయి. తేడా అయిదు రెట్లు. నేరుగా ఎగురుతున్నప్పుడు హాయిగా అనిపించే ఈ రెండవ కర్వ్‌తో గట్టి మలుపు తిరిగితే ఏమవుతుందో ఊహించవచ్చు: మలుపు మధ్యలో స్టిక్‌ను పిసరంత వెనక్కి లాగగానే రెక్కల మీద గాలి విడిపోయి విమానం స్టాల్‌లోకి, అంటే పైకి నిలిపే బలం కోల్పోయే స్థితిలోకి జారుతుంది. యుద్ధంలో అవసరమైన సున్నితత్వం గురి పెట్టేటప్పుడు మధ్యలో కావాలి, మలుపులో స్టాల్ అంచున నిలబడేటప్పుడు దూరపు కొనలో కావాలి. ఎక్కువ కర్వేచర్ రెండవదాన్ని పూర్తిగా బలిచేస్తుంది.

అందువల్ల నా సలహా ఇది. పిచ్‌కు 10తో మొదలుపెట్టండి. కింద చెప్పిన పరీక్షలు చేసి, చాలకపోతే ఒకసారికి 5 చొప్పున మాత్రమే పెంచండి. బల్ల మీది పొట్టి జాయ్‌స్టిక్‌కు సాధారణంగా 15 నుంచి 25 మధ్య ఎక్కడో ఒక చోట తృప్తి కలుగుతుంది. రోల్‌కు అంతకన్నా కొంచెం తక్కువ చాలు. 30 దాటవలసి వస్తే ముందు దశల్లో ఏదో మిగిలిపోయిందని అనుమానించి వెనక్కి వెళ్లండి. నేల మీద బిగించి, పొడిగింపు గొట్టం తగిలించిన స్టిక్ ఉన్నవారికి చేతి కదలిక ఎలాగూ పెద్దది కాబట్టి 0 నుంచి 10 లోపే సరిపోవచ్చు. ఈ కారణం చేతనే ఇతరుల అంకెలను యథాతథంగా తెచ్చి పెట్టుకోవడంలో అర్థం లేదు: ఎదుటివారి స్టిక్ పొడవు, స్ప్రింగ్ బిగువు తెలియకుండా వారి 22 మీకు ఏమీ చెప్పదు.

ఆ కిటికీలోనే యూజర్ కర్వ్ అనే చిన్న గడి ఉంది. దానిని టిక్ చేస్తే కర్వేచర్‌కు బదులు 11 స్లైడర్లు వచ్చి, ప్రతి 10 శాతానికీ విలువను మీరే పెట్టుకోవచ్చు. మధ్యలో కొంత మెత్తదనం, చివర్లలో సరళత్వం రెండూ కావాలనుకునేవారికి ఇది పనికొస్తుంది. ఉదాహరణకు 0, 7, 15, 24, 34, 45, 56, 67, 78, 89, 100 అని పెడితే మొదట మెల్లగా మొదలై, సగం తరువాత ఒకే వాలుతో సాగిపోతుంది. చివర్లో హఠాత్తుగా లేవదు. పక్కపక్క స్లైడర్ల మధ్య తేడా ఎక్కడా ఉన్నట్టుండి పెరగకుండా చూసుకోవాలి, లేకపోతే ఆ చోట విమానం కుదుపు ఇస్తుంది.

స్లైడర్ అనే మరో గడి థ్రాటిల్, బ్రేకుల వంటి, మధ్య బిందువు లేని యాక్సిస్‌ల కోసం ఉద్దేశించినది. థ్రాటిల్‌కు ఇది టిక్ చేసి, కర్వేచర్‌ను సున్నా దగ్గరే వదిలేయవచ్చు. వెనక్కి లాగితే వేగం పెరుగుతుంటే ఇన్వర్ట్ టిక్ చేస్తే సరి.

గాలిలో పరీక్ష

గ్రాఫ్ చూసి తృప్తిపడడం పరీక్ష కాదు. ఉదయపు నిశ్చలమైన గాలితో ఒక మిషన్ పెట్టుకుని, సు-25టీలో 2,000 మీటర్ల ఎత్తున గంటకు 500 కిలోమీటర్ల వేగంతో నేరుగా పొండి. కుడి కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే తెర మూలన స్టిక్, రడ్డర్, థ్రాటిల్ స్థానాలను చూపే చిన్న పట్టిక వస్తుంది. పరీక్ష సాగినంతసేపూ దీనిని ఉంచుకోవడం చాలా ఉపయోగం.

మొదట చేయవలసినది ట్రిమ్. ట్రిమ్ కంట్రోళ్లను స్టిక్ మీది హ్యాట్ స్విచ్‌కు (బొటనవేలితో నాలుగు వైపులా నొక్కే మీటకు) కేటాయించుకుని, చెయ్యి వదిలినా విమానం సమతలంగా పోయేవరకు సరిచేయండి. సెన్సిటివిటీతో దీనికున్న సంబంధాన్ని చాలామంది గమనించరు. ట్రిమ్ చేయని విమానాన్ని నేరుగా నడపాలంటే స్టిక్‌ను ఎప్పుడూ కొంత ముందుకో వెనక్కో పట్టుకుని ఉండాలి. అప్పుడు మీ చెయ్యి కర్వ్‌లోని మెత్తని మధ్యభాగంలో ఉండదు; స్ప్రింగ్‌తో పెనుగులాడుతూ నిటారు భాగం వైపు జరిగి ఉంటుంది. ఎంతో శ్రమపడి మధ్యలో సంపాదించుకున్న సున్నితత్వం అక్కరకు రాకుండా పోతుంది.

ట్రిమ్ కుదిరాక, ముక్కును 5 డిగ్రీలు పైకి తీసుకెళ్లి అక్కడ ఆపండి. ఒక్క కదలికలో వెళ్లి, చిన్న సవరణతో ఆగితే సరే. దాటిపోయి, వెనక్కి వచ్చి, మళ్లీ దాటిపోతుంటే పిచ్ ఇంకా చురుకుగా ఉందన్నమాట. తరువాత 30 డిగ్రీల వంపుకు రోల్ చేసి అదే విధంగా ఆపి చూడండి. మూడవది గురి: నేల మీద ఆగి ఉన్న ఒక లారీ వైపు తక్కువ కోణంలో దిగుతూ, గన్ పిప్పర్‌ను (గన్‌సైట్‌లోని గురి చుక్కను) దాని మీద నిలపడానికి ప్రయత్నించండి. 1,000 మీటర్ల దూరంలో రెండున్నర మీటర్ల వెడల్పున్న లారీ మీ కంటికి ఆనేది 0.14 డిగ్రీల మేర మాత్రమే. గురి పెట్టడంలో చేతికి ఎంత చిన్న కదలిక కావాలో దీన్ని బట్టి తెలుస్తుంది. నాలుగవ పరీక్షను కర్వేచర్ పెంచాలనే ఉత్సాహానికి పగ్గం వేసేదిగా ఎప్పుడూ వదలకుండా చేయాలి: 60 డిగ్రీల వంపులో ఎత్తు కోల్పోకుండా పూర్తి వృత్తం తిరగండి. స్టిక్‌ను వెనక్కి పట్టుకున్న స్థితిలో చిన్న చిన్న సవరణలు చేయగలుగుతున్నారా, లేక ప్రతి సవరణా పెద్దదైపోతోందా అన్నది చూడండి. మొదటి మూడు పరీక్షలు నెగ్గి ఇది తప్పుతుంటే కర్వేచర్ అవసరానికి మించింది.

ప్రతి మార్పు తరువాతా కనీసం అరగంట ఎగరాలి. చెయ్యి కొత్త అమరికకు అలవాటు పడక ముందే దానిని తిరస్కరించి మరో అంకె పెడితే, అలవాటు లేకపోవడాన్ని అమరికలోని లోపంగా పొరబడతారు. ఒకసారికి ఒకే అంకెను మార్చాలి.

ఊగిసలాట అంతా సెన్సిటివిటీ వల్లనే వస్తుందనుకోవడమూ పొరపాటే. ముక్కు లేవగానే ఆదరాబాదరాగా దించి, అది దిగగానే మళ్లీ లేపుతూ ఉంటే, సవరణ ప్రతిసారీ ఒక క్షణం ఆలస్యమై ఊపు పెరుగుతూనే ఉంటుంది. దీనినే పైలట్ కల్పించిన ఊగిసలాట అంటారు. స్టిక్‌ను మధ్యలో కదలకుండా పట్టుకోగానే ఊపు తగ్గితే లోపం చేతి తొందరలో ఉందని అర్థం, దానికి అంకెలు మందు కావు. నిజమైన విమానాల్లో ఈ రెండూ కలిసి వచ్చిన ప్రసిద్ధ సందర్భం ఎఫ్-16 చరిత్రలోనే ఉంది. 1974 జనవరి 20న అమెరికాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో, వైఎఫ్-16 నమూనాను నేల మీదే వేగంగా పరుగెత్తించి చూస్తుండగా అది అటూ ఇటూ ఒరగసాగింది. రోల్ కంట్రోల్ మరీ సున్నితంగా అమర్చి ఉండడంతో, పైలట్ ఫిల్ ఓస్ట్రిచర్ ఇచ్చిన ప్రతి సవరణా ఊపును పెంచింది. విమానం రన్‌వే నుంచి పక్కకు పోతుండగా ఆయన దానిని గాలిలోకి లేపడమే క్షేమమని నిర్ణయించి, కొద్ది నిమిషాలు ఎగిరి సురక్షితంగా దించారు. అధికారికంగా తొలి ప్రయాణం అదే ఏడాది ఫిబ్రవరి 2న జరిగింది. ఆ నమూనాలోని స్టిక్ దాదాపు కదలనిది. చేతి ఒత్తిడిని మాత్రమే కొలిచేది. ఎంత ఒత్తుతున్నామో పైలట్‌కు తెలియడం లేదన్న కారణంతో తరువాత దానికి కొద్దిపాటి కదలికను చేర్చారు.

విమానాన్ని బట్టి మార్పులు

ఎఫ్-16సీ, ఎఫ్/ఏ-18సీ వంటి ఫ్లై-బై-వైర్ విమానాల్లో స్టిక్ నేరుగా కంట్రోల్ సర్ఫేసులను కదపదు. మీరు కోరిన మలుపు తీవ్రత ఎంతో కంప్యూటర్‌కు చెబుతుంది, వేగానికి తగ్గట్టు సర్ఫేసులను అదే కదుపుతుంది. అంటే మీరు కర్వ్‌తో చేయాలనుకున్న పనిలో ఎక్కువ భాగం అక్కడ ముందే జరిగిపోయింది. వీటికి 5 నుంచి 15 లోపు కర్వేచర్ చాలు. గాలిలో ఇంధనం నింపుకునేటప్పుడు మాత్రం కొందరు కాస్త ఎక్కువ కోరుకుంటారు, ఆ ఒక్క పని కోసం వేరే ప్రొఫైల్ పెట్టుకోవచ్చు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలపు విమానాలకు పిచ్‌లో 20 వరకు వెళ్లడం సబబే. వాటిలో అసలు శ్రద్ధ చూపవలసినది రడ్డర్ మీద. తోకచక్రం ఉన్న ఈ విమానాలు టేకాఫ్ పరుగులో ఇంజన్ శక్తి పెంచగానే ఒక పక్కకు లాగుతాయి, దానికి చిన్న చిన్న పెడల్ సవరణలు వేగంగా ఇస్తూ ఉండాలి. రడ్డర్‌కు 15 వరకు కర్వేచర్ ఇచ్చి, శక్తిని ఒకేసారి కాక మెల్లగా పెంచుతూ టీఎఫ్-51డీలో సాధన చేయండి. ఆప్షన్స్‌లోని స్పెషల్ ట్యాబ్‌లో ఈ విమానాలకు టేకాఫ్ అసిస్టెన్స్, ఆటో రడ్డర్ అనే సహాయాలు ఉంటాయి. మీ అమరిక నిజంగా ఎలా ఉందో తెలియాలంటే పరీక్ష చేసేటప్పుడు వాటిని తీసేయాలి.

హెలికాప్టర్లకు కర్వేచర్ అంతగా నప్పదు. గాలిలో ఒకేచోట నిలవడానికి సైక్లిక్‌ను (హెలికాప్టర్‌ను ముందు వెనకలకూ పక్కలకూ నడిపే స్టిక్‌ను) మధ్య నుంచి కొంత పక్కకు జరిపి పట్టుకోవలసి వస్తుంది కాబట్టి, చెయ్యి ఎప్పుడూ కర్వ్‌లోని ఏటవాలు ప్రాంతంలోనే పనిచేస్తుంది. ఒక వైపు మెత్తగా, మరో వైపు కరకుగా స్పందించే స్టిక్‌తో నిలకడ సాధించడం కష్టం. యూహెచ్-1హెచ్, మి-8 వంటివాటికి కర్వేచర్‌ను సున్నా దగ్గర ఉంచి, అవసరమైతే శాచురేషన్ వై‌ని 80 దాకా తగ్గించడం మంచి మార్గం. యుద్ధ విమానాలకు వద్దన్న పనినే ఇక్కడ చేయమంటున్నాను, ఎందుకంటే హెలికాప్టర్‌లో సైక్లిక్‌ను చివరిదాకా తోసే అవసరం అరుదు.

అమరిక భద్రపరచడం

తృప్తి కలిగాక, కంట్రోల్స్ పేజీలోనే ఆ పరికరం పేరున్న నిలువు వరుసలో ఒక గడిని ఎంచుకుని, సేవ్ ప్రొఫైల్ యాజ్ ద్వారా విమానం పేరు, తేదీ కలిపి ఒక ఫైల్‌గా దాచుకోండి. ఇంకొక విమానంలో అదే అమరిక కావాలంటే లోడ్ ప్రొఫైల్‌తో తెచ్చుకోవచ్చు గాని, బటన్ల కేటాయింపులూ దానితో పాటే వస్తాయని గుర్తుంచుకోవాలి. అన్నిటినీ ఒకేసారి భద్రపరచాలంటే, విండోస్‌లో మీ యూజర్ ఫోల్డర్‌లోని సేవ్డ్ గేమ్స్ తెరిచి, అందులో డీసీఎస్, దానిలో కాన్ఫిగ్, దానిలో ఇన్‌పుట్ అనే ఫోల్డర్‌ను మొత్తంగా మరో డ్రైవ్‌కు కాపీ చేయండి. జాయ్‌స్టిక్‌ను వేరే యూఎస్‌బీ పోర్టుకు మార్చినప్పుడు కొన్నిసార్లు ఆట దానిని కొత్త పరికరంగా భావించి, మీ కర్వ్‌లను పక్కనపెట్టి తన కేటాయింపులనే మళ్లీ మొదటి నుంచి పెట్టేస్తుంది. అటువంటప్పుడు కంగారుపడి అంకెలన్నీ తిరిగి కొట్టుకోనవసరం లేకుండా, పరికరాన్ని పాత పోర్టుకే పెట్టి చూడండి. అప్పటికీ కుదరకపోతే దాచుకున్న ప్రొఫైల్‌ను లోడ్ చేసి, పిచ్, రోల్ వరుసల్లో రెండో యాక్సిస్ ఏదైనా మళ్లీ వచ్చి చేరిందేమో చూసి తీసేయండి.